షూరిటీ సంతకం తర్వాత మనుషులకు దూరమైన ఒకాయన: కేస్ స్టడీ

నేను మాటలతో చికిత్స చేసే థెరపిస్ట్‌ని. గుండె డాక్టరు గారు పంపిస్తే నా దగ్గరికి వచ్చిన కేసు ఇది. ఈసీజీ, టూడీ ఎకో, టీఎంటీ అన్నీ నార్మల్. గ్యాస్ ఏమో అని ఎండోస్కోపీ కూడా చేయించారు, అదీ నార్మలే. అయినా తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చి ఛాతీ బరువెక్కడం, ఒళ్ళంతా చెమట, ఇక తెల్లారేదాకా నిద్ర లేకపోవడం. వయసు 48. కోస్తాలో ఒక చిన్న టౌన్‌లో మోటారు వైండింగ్ షాపు, దాంతోపాటు పంపుసెట్లు, పైపులు అమ్ముతారు. భార్య, చెన్నైలో ఇంజినీరింగ్ చదివే కొడుకు, ఇంట్లో ముసలి తల్లి. ఆయన ఒప్పుకున్నాకే రాస్తున్నాను, గుర్తుపట్టే వీలు లేకుండా చాలా వివరాలు మార్చాను కూడా. కాబట్టి ఎవరా అని వెతక్కండి.

మొదటి రోజు కుర్చీ అంచున కూర్చున్నారు, సంచీ ఒళ్ళోనే ఉంది. నేను నోరు తెరవకముందే డబ్బులు టేబుల్ మీద పెట్టి, "ముందు మీ ఫీజు తీసుకోండి మేడమ్, బాకీ ఉండటం నాకు పడదు" అన్నారు. వెనకాల నిలబడ్డ భార్య చిన్నగా నిట్టూర్చింది. నేను రాసుకున్న మొదటి నోట్ ఆ ఫీజు గురించే, ఛాతీ నొప్పి ఆ తర్వాతే.

ఇక కథలోకి వస్తే. ఆయనకి ఒక స్నేహితుడు ఉండేవాడు. ఆరో తరగతి నుంచీ ఒకే బెంచీ, చుట్టరికం ఏమీ లేకపోయినా ఒకరినొకరు "బావా" అని పిలుచుకునేవాళ్ళు. ఆ స్నేహితుడు వరికోత మెషిన్ కొనడానికి బ్యాంకు లోను తీసుకుంటే ఈయన షూరిటీ సంతకం పెట్టారు. అక్కడితో ఆగలేదు, బయట రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పులకి రాసిన ప్రామిసరీ నోట్ల మీద కూడా ఈయన సంతకం ఉంది. రెండు సీజన్లు వర్షాలకి దెబ్బతిన్నాయి, కిస్తీలు ఆగాయి, ఒక రోజు పొద్దున చూస్తే ఇంటికి తాళం. ఇల్లు, ఫోను, మనిషి, అన్నీ మాయం.

షూరిటీ అంటే మనవాళ్ళలో చాలామందికి ఇంకా 'ఏదో సాక్షి సంతకం' అనే ఉంది. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్, సెక్షన్ 128 చూడండి, ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే షూరిటీ బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. అంటే బ్యాంకు ముందు వాడిని వెతికి, వాడు దొరక్కపోతేనే ఈయన దగ్గరికి రావాలన్న రూలేమీ లేదు, నేరుగా రావచ్చు. వచ్చింది. నోట్లవాళ్ళు కూడా వచ్చారు, మూడేళ్ళు దాటితే నోటుకి కాలదోషం పడుతుంది కదా, అందుకని ఈయన చేతే తిరగరాయించుకున్నారు. భార్య బంగారం, ఊరి చివర కొనుక్కున్న స్థలం అమ్మి, మిగతాది షాపు మీద సంపాదించి, నాలుగైదేళ్ళలో మొత్తం కట్టేశారు. పైసా కూడా బాకీ లేదు.

ఆయన నా దగ్గరికి వచ్చేటప్పటికి అప్పు తీరి చాలా కాలమైంది. మనిషి మాత్రం ఆ అప్పు రోజుల్లో పెట్టుకున్న రూల్స్‌లోనే ఉండిపోయారు. పెళ్ళికి వెళ్తే చదివింపులు రాయించి భోజనం చేయకుండా వచ్చేస్తారు. పక్క షాపులో టీ తాగరు. నిచ్చెన కూడా ఎవరినీ అడగరు, ఎవరికీ ఇవ్వరు. పనివాళ్ళ కూలీ ఏ రోజుది ఆ రోజు సాయంత్రానికల్లా ఇచ్చేస్తారు. కొడుకుతో ఫోన్‌లో మాట్లాడేది ఫీజు, హాస్టల్ బిల్లు, అంతే. భార్యతో కూరగాయలు, కరెంటు బిల్లు. తాగరు, కొట్టరు, అరవరు. ఊళ్ళో ఆయనకి మంచి పేరు, "ఎవరి జోలికీ పోడు, గుట్టుగా ఉంటాడు" అంటారు. ఇలా ముడుచుకుపోయిన మగవాళ్ళని మన దగ్గర పెద్దమనుషులు అంటాం, అందుకే ఏళ్ళ తరబడి ఎవరికీ అనుమానం రాదు. చివరికి గుండె డాక్టరు పంపిస్తే తప్ప మా దాకా రారు.

పరీక్షల సంగతి త్వరగా చెప్పేస్తాను. పీహెచ్‌క్యూ-9 అనే, డిప్రెషన్ ఎంతుందో కొలిచే తొమ్మిది ప్రశ్నల పత్రంలో స్కోరు పదికి కొంచెం పైన, అంటే మధ్యస్థ స్థాయి డిప్రెషన్. అందులో తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి, దాన్ని ఎప్పుడూ కాగితానికి వదిలేయకుండా నోటితో అడుగుతాను. అప్పులు కట్టే రోజుల్లో ఒకటి రెండు సార్లు కాలవ గట్టు మీద నిలబడ్డానని, ఇప్పుడు అలాంటిది లేదని చెప్పారు. ఆ మాట విని పక్కనున్న భార్య నోట మాట రాలేదు, ఆవిడకి అప్పటిదాకా తెలియదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇద్దరి ఫోన్లలోనూ సేవ్ చేయించాను. సైకియాట్రిస్ట్‌కి కూడా చూపించాం, కొన్ని నెలలు మందు వాడారు. అందుకే తర్వాత వచ్చిన మార్పంతా మా మాటల వల్లే వచ్చిందని నేను చెప్పుకోను.

ఇప్పుడు అసలు విషయం. ఈ కథ వినగానే ఎవరికైనా తట్టేది ఒకటే, దెబ్బ తిన్నాడు కాబట్టి ఎవరినీ నమ్మడం లేదు, నమ్మకం తిరిగి కలిగిస్తే సరి. ఆయన కూడా అలాగే అన్నారు: "ఒకసారి షార్ట్ సర్క్యూట్ అయింది మేడమ్, నేనే మెయిన్ ఆపేసుకున్నా." మాట బాగుంది కానీ లెక్క కుదరలేదు. షాపు తాళాలు పనివాడి దగ్గర ఉంటాయి. రైతులకి నాట్ల టైములో మోటార్లు అప్పు మీద ఇస్తారు, కోతలయ్యాక వసూలు చేసుకుంటారు, అందులో ఒకరిద్దరు ఎగ్గొట్టినా నిద్ర పట్టకపోవడం ఏమీ లేదు. అంటే ఎదుటివాళ్ళని నమ్మడం ఆయనకి బాగానే చేతనవును. మరి కాలు విరిగినప్పుడు ఏం చేశారో చూడండి. షాపు ముందు జారిపడి, మడమ దగ్గర ఎముక విరిగితే, ఎవరికీ చెప్పకుండా ఒక్కరే ఆటో ఎక్కి ఆసుపత్రికి వెళ్ళి, కట్టు కట్టించుకున్నాక భార్యకి ఫోన్ చేశారు. భార్య మోసం చేస్తుందనా? కాదు. తను ఇంకొకరి మీద ఆధారపడి ఉన్న స్థితిలో ఎవరి కంటా పడకూడదు, అదీ ఆయన భయం.

ఈ తేడా పట్టుకోకుండా నమ్మకం మీద పని మొదలుపెడితే నెలల తరబడి వాదనే అవుతుంది. లోకంలో మంచివాళ్ళు ఉన్నారని నేను చెప్పడం, లేరని ఆయన లెక్కలతో చూపించడం. ఆ వాదనలో ఆయనే గెలుస్తారు, ఎందుకంటే ఆయన దగ్గర బ్యాంకు నోటీసులు ఉన్నాయి.

ఆ భయం వెనకున్న సిగ్గు ఒక పొర. దాని కింద ఇంకోటి ఉందని తెలియడానికి ఇంకొన్ని వారాలు పట్టింది. ఒకసారి మాటల్లో సాయంత్రం పూట ఛాతీ ఎలా ఉంటుందని అడిగితే, ఆరింటికి కూడా కాస్త బరువుగా ఉంటుందన్నారు. ఆరింటికి ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. మరి ఇదివరకు ఏం జరిగేది? చాలాసేపటికి చెప్పారు. ఆ టైముకి స్నేహితుడు షాపుకి వచ్చేవాడు, కాపర్ వైరు చుట్టి వచ్చే ఖాళీ డ్రమ్ము మీద కూర్చుని, ఊళ్ళో జరిగిందంతా చెప్పేవాడు, ఎమ్మార్వో గారు నడిచినట్టు నడిచి చూపించేవాడు. అది చెబుతూ ఆయన గట్టిగా నవ్వారు, అంతలోనే ఆపేసి మంచినీళ్ళు అడిగారు. "వాడు దొంగ అని నాకు తెలుసు మేడమ్. వాడు రాక సాయంత్రం పొద్దు పోవట్లేదనీ తెలుసు. రెండూ ఎట్టా నిజమవుతాయి?"

రెండూ నిజమే. కెనెత్ డోకా అనే అమెరికన్ పరిశోధకుడు 1989లో ఇలాంటి దుఃఖాల గురించి రాశాడు, చుట్టూ ఉన్న సమాజం దుఃఖంగా ఒప్పుకోనివి, ఎవరూ పరామర్శకి రానివి. మోసం చేసి పారిపోయిన స్నేహితుడి కోసం బెంగపడితే ఎవరు పరామర్శిస్తారు? ఇంట్లో ఆ పేరు ఎత్తితేనే గొడవ. ఆరో తరగతి నాటి స్నేహం పోయినందుకు ఏడవడానికి లేదు, ఎందుకంటే పోయినవాడు వెధవ. ఆ బెంగని బయటికి రానీయకుండా పట్టి ఉంచాలంటే మిగతావి కూడా పట్టి ఉంచాలి, సంతోషం, ఆప్యాయత, అవసరం, అన్నీ. ఇక్కడే నా ఫార్ములేషన్, అంటే ఈ కేసుని నేను అర్థం చేసుకున్న తీరు, మారింది. నేను ఆయనకి నమ్మకం నేర్పాల్సిన పని లేదు, ఆ స్నేహితుడి కోసం బాధపడే చోటు ఒకటి కావాలి, ఇంకొకరి ముందు అవసరంలో కనపడినా తట్టుకోగలనని ఒంటికి తెలియాలి.

లోపల ఉన్నది బయటికి కనపడనీయకపోతే లోపల తగ్గిపోతుందని మనం అనుకుంటాం. జేమ్స్ గ్రాస్, రాబర్ట్ లెవెన్సన్ అనే అమెరికన్ సైకాలజిస్టులు 1997లో ఇది పరీక్షించారు. బాధ కలిగించే సినిమా ముక్క చూపించి మొహంలో ఏమీ కనపడనీయొద్దని చెబితే, మొహం మీద బాధ తగ్గింది కానీ లోపల పడే బాధ తగ్గలేదు, పైగా ఒంట్లో ఒత్తిడి సూచనలు పెరిగాయి. నాకు ఇంకా ఆసక్తిగా అనిపించేది 2003లో ఎమిలీ బట్లర్ బృందం చేసిన పని. పరిచయం లేని ఆడవాళ్ళని జంటలుగా కూర్చోబెట్టి మాట్లాడుకోమని, ఒకరికి మాత్రం ఫీలింగ్స్ అణచుకోమని రహస్యంగా చెప్పారు. అవతల కూర్చున్న మనిషికి ఆ సంగతి తెలియదు, అయినా ఆమె బీపీ పెరిగింది, ఈమెతో స్నేహం చేయాలన్న ఇష్టం తగ్గింది. ఇది ఆయనకి చెప్పినప్పుడు మొదటిసారి కుర్చీలో వెనక్కి ఆనుకుని, "అంటే నేను ఏమీ అనకపోయినా మా ఆవిడకి తగులుద్దా?" అన్నారు. తగులుద్ది.

ఏం చేశాం

పద్ధతి పేర్లు కావాలన్నవాళ్ళ కోసం చెబుతాను, రెండు చోట్ల నుంచి తీసుకున్నాను. ఒకటి థామస్ లించ్ రూపొందించిన రాడికల్లీ ఓపెన్ డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ, ఒక రకం మాటల చికిత్స), తనని తాను అతిగా అదుపులో పెట్టుకునే మనుషుల కోసం చేసింది, దాని పుస్తకం 2018లో వచ్చింది. మొండి డిప్రెషన్ ఉన్న 250 మందితో బ్రిటన్‌లో చేసిన ట్రయల్ ఫలితాలు 2020లో వచ్చాయి, ఏడాది దగ్గర చూస్తే డిప్రెషన్ స్కోర్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, కాబట్టి అదేదో మంత్రదండం అని నేను అనను. కానీ ఈ మనుషుల్ని అది అర్థం చేసుకునే తీరు నాకు పనికొస్తుంది, వీళ్ళకి అదుపు తక్కువ కాదు, ఎక్కువ. రెండోది కోలెన్‌బర్గ్, మావిస్ సై అనే ఇద్దరు 1991లో రాసిన ఫంక్షనల్ అనలిటిక్ సైకోథెరపీ. బయట ఎలా ఉంటాడో నా గదిలోనూ అలాగే ఉంటాడు, కాబట్టి మార్పు ముందు నా గదిలోనే జరగనివ్వాలి అనేది దాని సారం.

నా గదిలో ఆ పని ఫీజుతో మొదలైంది. ఎందుకు చేస్తున్నామో ముందే వివరంగా చెప్పి, ఒప్పుకున్నాకే, "ఈసారి ఫీజు వచ్చే వారం ఇవ్వండి" అన్నాను. సరేనని వెళ్ళారు. ఆయన మెట్లు దిగి ఆటో స్టాండ్ దాకా వెళ్ళారో లేదో, నా ఫోన్ మోగింది, డబ్బులు ఫోన్‌పేలో పడిపోయాయి. తర్వాతి వారం ఇద్దరం దాని గురించి నవ్వుకున్నాం. ఆ పది నిమిషాల్లో ఒంట్లో ఏమైందని అడిగితే చేతులు చల్లబడ్డాయన్నారు. మళ్ళీ ప్రయత్నించాం. చివరికి ఒక వారం అంతా బాకీతో ఉండగలిగారు. వచ్చి చెప్పింది నేను ఊహించని మాట: "మీరు నన్ను కూడా వాడిలాంటోడే అనుకుంటారేమోనని రోజూ అనిపించింది." అదీ అసలు ముల్లు. తను మోసపోతానని కాదు, తనూ వాడిలాంటివాడే అని ఎవరైనా అనుకుంటారేమోనని. అప్పుడు నేను చెప్పగలిగింది ఒక్కటే, ఆ వారంలో ఆయన గుర్తొచ్చినప్పుడల్లా నాకు డబ్బులు గుర్తు రాలేదని, ఎమ్మార్వో నడక గుర్తొచ్చి నవ్వొచ్చిందని. ఇలాంటి చోట థెరపిస్ట్ గోడలా కూర్చుంటే కుదరదు. మనం మూసుకుని కూర్చుని ఎదుటి మనిషిని మనసు విప్పమనడం మర్యాద కాదు.

లించ్ పద్ధతిలో ఒంటితో చేసేవి కొన్ని ఉన్నాయి, వెనక్కి ఆనుకోవడం, లోతుగా ఊపిరి తీయడం, పెదాలు విడదీయకుండా నవ్వడం, కనుబొమలు పైకెత్తడం. మొదటి మూడూ ఆయనకి బాగానే పట్టుబడ్డాయి. కనుబొమలు ఎత్తితే మాత్రం షాపుకొచ్చిన రైతు "ఏంటన్నా, రేటు పెంచారా?" అని అడిగాడట. దాన్ని వదిలేశాం. మన ఊళ్ళలో దానికి బదులు "రా, కూర్చో, టీ తాగుదాం" అనే మాట ఉంది, అది చాలు.

బయట చేయాల్సినవి ఆయనే ఎంచుకున్నారు, తేలికైనవి ముందు. పక్క షాపులో టీ తాగి, తిరిగి వెంటనే తాపించకుండా ఉండటం. నిచ్చెన అడగడం. పెళ్ళిలో పంక్తిలో కూర్చుని తినడం, ఇది చాలా కష్టమైంది, ఎందుకంటే పక్కన కూర్చున్నవాళ్ళు "వాడి జాడ ఏమైనా తెలిసిందా?" అని అడుగుతారని భయం. అడిగారు కూడా. "తెలియలేదు" అని చెప్పి పెరుగన్నం దాకా తిని లేచారు.

భార్యకి రోజుకో మాట చెప్పాలి, ఆ రోజు తనకి ఎలా ఉందో, ఒక్క మాట. మొదటి రోజు రాత్రి "ఇవాళెందుకో దిగులుగా ఉంది" అన్నారట. ఆవిడ హడలిపోయి, "మళ్ళీ ఎవరికైనా సంతకం పెట్టారా?" అంది. ఇది నవ్వు తెప్పించే సంగతే కానీ, ఒక మనిషి మనసు విప్పడం మొదలుపెడితే ఇంట్లోవాళ్ళకి ముందు వచ్చేది ఆనందం కాదు, కంగారు. అది తెలియకపోతే, "చెప్పినందుకు ఇదా ఫలితం" అని మనిషి మళ్ళీ ముడుచుకుంటాడు. అందుకని తర్వాతి సిట్టింగ్‌కి ఆవిడని కూడా పిలిచాను.

ఆ సిట్టింగ్ ఈ కేసు మొత్తానికి కీలకం అనిపిస్తుంది నాకు. బంగారం పోయినందుకు ఆవిడకి కోపం ఉంటుందని ఆయన ఏళ్ళుగా అనుకుంటున్నారు, అందుకే ఆవిడ మొహంలోకి చూసి మాట్లాడరు. ఆవిడ చెప్పింది వేరు. "బంగారం గురించి కాదండీ. బ్యాంకోళ్ళు ఇంటికొచ్చేదాకా నాకు చెప్పలేదు. నోటీసులు షాపులో మోటార్ల కింద దాచారు. నేనుండగా ఒక్కరే మోశారు, నేనేం కానట్టు. దానికి కోపం." అంటే ఆయన మూసుకోవడం స్నేహితుడు పారిపోయాక మొదలైంది కాదు, అంతకు ముందే ఉంది, ఆ దెబ్బతో గట్టిపడింది అంతే. పరువు కాపాడుకోవడానికి దాచాననుకున్నది ఆవిడకి వెలివేసినట్టు తగిలింది. ఆయన ఏమీ అనలేదు. కాలవ గట్టు సంగతి మాత్రం ఆ రోజు ఆవిడకి పూర్తిగా చెప్పారు, నేను అడగకుండానే.

కొడుకు విషయం చిన్నదే. ఒక ఆదివారం ఫోన్‌లో "నువ్వు ఫోన్ చేయకపోతే ఇల్లు బోసిగా ఉంటుందిరా" అన్నారట. అటు నుంచి కాసేపు చప్పుడు లేదు, తర్వాత "అమ్మ అనమందా నాన్నా?" అని అడిగాడు. కాదన్నారు. ఆ రోజు ఫీజుల ప్రస్తావన లేకుండా మాట్లాడుకున్నారు.

దెబ్బ మళ్ళీ తగిలినప్పుడు

అంతా సాఫీగా సాగలేదు. తల్లిని ఆసుపత్రికి తీసుకెళ్ళాల్సి వస్తే తోడల్లుడిని కారు అడిగారు. ఆయనకి అది చాలా పెద్ద విషయం. తోడల్లుడు కారు ఇచ్చాడు, కానీ తర్వాత ఒక ఫంక్షన్‌లో పదిమంది ముందు "మా వాడికి ఇన్నాళ్ళకి మనుషులతో అవసరం పడింది" అని ఎగతాళి చేశాడు. అంతే, ఆయన కొన్ని వారాలు నా దగ్గరికి రాలేదు. రాత్రి మూడింటి మెలకువ తిరిగొచ్చింది, టీ మానేశారు.

వచ్చాక, "చూశారా మేడమ్" అన్నట్టు కూర్చున్నారు. తోడల్లుడు మంచివాడే, పొరపాటున అని ఉంటాడు అని నేను సర్ది చెప్పలేదు. అతను అన్నది తప్పే, నొప్పి పుట్టించేదే. మనసు విప్పితే మనుషులు ఎప్పుడూ బాగా చూసుకుంటారని నేనెప్పుడూ మాట ఇవ్వలేదు, అలాంటి మాట ఇచ్చే కౌన్సిలర్లు మనిషిని రెండోసారి ముంచుతారు. నేను అడిగింది వేరే: ఆ ఎగతాళి జరిగిన రాత్రి ఏం చేశారు? ఇంటికెళ్ళి భార్యకి చెప్పానన్నారు. ఆవిడ ఏమంది? "మా అక్క మొగుడు పెళ్ళిచూపుల నాటి నుంచీ అంతే, వదిలేయండి" అంది. తర్వాత? నిద్ర పట్టలేదు, ఆవిడ కూడా లేచి కూర్చుంది. ఆ మాట చెబుతూ ఆయనే ఆగారు. అప్పుల రోజుల్లో అదే మెలకువ, అదే మూడింటి వేళ, కానీ అప్పుడు ఒక్కరే ఉన్నారు.

ఆ తర్వాత ఒక గీత గీసుకున్నాం. షూరిటీ సంతకం ఇక జన్మలో పెట్టరు, నోటు మీద సాక్షిగా కూడా సంతకం చేయరు. దాన్ని నేను పూర్తిగా సమర్థించాను, అది జబ్బు కాదు, బుద్ధి. డబ్బు దగ్గర జాగ్రత్తకి, దిగులు చెప్పుకోవడానికి మధ్య ఆయన కట్టిన ముడి విప్పడమే మా పని. తోడల్లుడిని మళ్ళీ ఏదీ అడగనన్నారు, సరేనన్నాను. ఎవరితో ఎంతవరకు అని చూసుకోవడం కూడా ఇందులో భాగమే, కనపడ్డ ప్రతివాడికీ గుండె తీసి చూపించమని ఎవరూ అడగలేదు.

ఈ పని అందరితోనూ చేయకూడదని కూడా చెప్పాలి. ఇంట్లో కొట్టే మనిషి ఉన్నచోట, చెప్పుకున్న మాటని ఆయుధంలా వాడే అత్తగారో మొగుడో ఉన్నచోట, ఇంకా మోసం నడుస్తూనే ఉన్నచోట, మూసుకోవడమే ఆ మనిషిని బతికిస్తోంది. అక్కడ ముందు రక్షణ చూడాలి. ఈయన విషయంలో ప్రమాదం గడిచిపోయింది, కాపలా మాత్రం మిగిలింది, అందుకే కుదిరింది.

ఇప్పటి పరిస్థితి. పీహెచ్‌క్యూ-9 స్కోరు ఐదు కిందకి వచ్చింది, మందు డాక్టరు సలహాతో మెల్లగా ఆపేశారు. రాత్రి మెలకువ దాదాపు పోయింది, మార్చి నెలలో మాత్రం వస్తుంది, బ్యాంకులు వసూళ్ళ మీద పడే నెల కదా. ఇప్పటికీ తక్కువ మాట్లాడతారు, అది ఆయన తీరు, దాన్ని మార్చాలని నేను అనుకోలేదు. ఆరింటికి షాపు దగ్గర పక్క షాపాయన వచ్చి కూర్చుంటున్నాడు, "కానీ వాడంత సరదా మనిషి కాదు" అని నాతో ఫిర్యాదు చేస్తారు.

ఈ మధ్య ఎవరి ద్వారానో ఒక పెళ్ళి కార్డు వచ్చింది. ఆ స్నేహితుడి కూతురిది. ఎక్కడో దూరాన కల్యాణ మండపం, కింద ఫోన్ నంబరు. భార్య వెళ్ళడానికి వీల్లేదంటోంది. ఆయన కార్డు చింపలేదు, వెళ్తాననీ అనలేదు, షాపులో బిల్లు పుస్తకం కింద పెట్టి, పెట్టిన సంగతి ఆ రాత్రే ఆవిడకి చెప్పారు. వచ్చే సిట్టింగ్‌కి దాని గురించి మాట్లాడటానికి ఇద్దరూ కలిసి వస్తున్నారు. నేనైతే వెళ్ళమనీ అనను, వద్దనీ అనను.